హాల్‌టికెట్టు మీద ఉత్పల

పోయిన నెల పేపరు లోపలి పేజీలో, వాన కబుర్లకీ కల్యాణమండపం ప్రకటనకీ మధ్య, నాలుగు లైన్లలో ఒకావిడ పోయిన వార్త వేశారు. విజయనగరంలో టీచరుగా చేసి రిటైరయ్యారట. ఒకప్పుడు వారపత్రికల్లో సీరియల్సు రాసేవారట. తొంభై దాటాయట. ఫోటో కూడా వెయ్యలేదు. ఆవిడ నాకు చుట్టం కాదు. ఆవిణ్ణి జీవితంలో ఒక్కసారే చూశాను, అదీ ఒక మధ్యాహ్నం పూట గంటన్నర సేపు. కానీ డెబ్భై దాటిన ఈ వయసులో బ్యాంకులోనూ ఆస్పత్రిలోనూ నన్ను ఏ పేరు పెట్టి పిలుస్తారో, ఆ పేరు మా అమ్మానాన్నలు పెట్టింది కాదు. ఆవిడ పెట్టింది. అదైనా నాకోసం కాదు, తన కథలో పిల్లకి. పేపరు మడిచి పెట్టాను, మళ్ళీ విప్పాను. వంటింట్లోకి వెళ్ళి ఎందుకు వెళ్ళానో మర్చిపోయి తిరిగొచ్చాను. రెండ్రోజులు ఇల్లంతా అలాగే తిరిగాను. మా అబ్బాయి "ఒంట్లో బాగోలేదా అమ్మా?" అని అడిగితే, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తోచక, బానే ఉన్నాననేశాను.

అప్పట్లో మాది శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే రోడ్డు పక్క ఇల్లు. ఊరు మా ఇంటితో అయిపోయి పొలాలు మొదలయ్యేవి. నాన్న వరీ, గోగూ వేసేవాడు. గోగు కోసి, మోపులు కట్టి, నీళ్ళగుంటల్లో నానేసేవారు. రెండు మూడు వారాలకి అవి కుళ్ళితే నార ఊడొచ్చేది. ఆ కుళ్ళు వాసన మా అన్నంలోకీ, నా పుస్తకాల్లోకీ, తల్లో పెట్టుకున్న కనకాంబరాల్లోకీ కూడా వచ్చేసేది. అమ్మకి గానీ నాన్నకి గానీ అది వాసనగా తోచేదే కాదు. నాన్నమ్మ అందరికంటే ముందు లేచి, చోడి అంబలి, అంటే రాగి జావ, కాచి, తను ఒక గిన్నెడు తాగి, వీధరుగు మీద కూర్చుని అడ్డపొగ వేసేది. అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. మా వైపు ముసలమ్మలకి అది మామూలే. నిప్పు నోట్లో పెట్టుకునే మనిషికి మా ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. నాకు పెట్టింది ఆవిడ పేరే. సూరమ్మ. ఆవిడ పెద్ద సూరమ్మ, నేను చిన్న సూరమ్మ. వీధిలోంచి ఎవరైనా "సూరమ్మా" అంటే ఇద్దరం ఒక్కసారే పలికేవాళ్ళం. ఆవిడకి అదంటే సంబరం. నాకు మాత్రం నా నోట్లోంచి ముసలిదాని గొంతు వచ్చినట్టుండేది.

మా ఇంటి ముందు గదులు రెండింట్లో కరుణమ్మగారు అద్దెకుండేది. మిషను ఆస్పత్రిలో నర్సు, పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చికి వెళ్ళి రాగానే, తెల్లచీర మార్చుకోకుండానే నన్ను పిలిచి, ఆ వారం పత్రిక చేతిలో పెట్టేది. తను అప్పటికి చదివేసి ఉండేది. అందులో వచ్చే సీరియల్ పేరు ఇప్పుడు చెప్పినా ఎవరికీ గుర్తుండదు. కథలో పిల్ల పేరు ఉత్పల. పట్నం పిల్ల. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూర్చున్న గదిలోంచి ఒక్క మాటైనా అనకుండా లేచి బయటికి నడిచిపోతుంది. తర్వాత ఇల్లు విడిచి బస్సెక్కి వెళ్ళిపోయి, టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఉద్యోగంలో చేరుతుంది. ఒక చోట కూర్చోలేదు. ఒక గదిలో ఉంటే పక్కగదిలో ఏదో జరిగిపోతోందనిపిస్తుంది ఆమెకి.

ఒక వారం భాగంలో వాన మొదలవుతుంది. ఉత్పల ఎవరూ చూడకుండా తడిసిన కిటికీ ఊచకి నాలుక ఆనిస్తుంది. ఆ చల్లని ఇనుము రుచి ఎలా ఉంటుందో రెండు వాక్యాలు. అంతే. అది చదివి నేను పత్రిక కిందపడేశాను. ఎందుకంటే ఆ పని నేను చిన్నప్పటి నుంచీ చేస్తున్నాను. అమ్మకి తెలీదు, నాన్నమ్మకి తెలీదు, నా స్నేహితురాళ్ళెవరికీ చెప్పలేదు. ఎవరో మా పెరటి వైపు నుంచి వచ్చి నన్ను చూసిపోయారనిపించింది.

మా క్లాసు పిల్లలు సినిమాలు చూసి జడలు మార్చేవారు, జాకెట్లు కుట్టించుకునేవారు. నాది అది కాదు. నేను ఉత్పలలా ఉండాలని ఏనాడూ అనుకోలేదు. నేనే ఆమెనని తెలిసింది, అంతే. ఎలా చెప్పను? జ్వరమొచ్చినప్పుడు ఒళ్ళు వేడిగా ఉందని ఎవరూ చెప్పక్కర్లేదు, మనకి తెలుస్తుంది. అలా తెలిసింది. ఈ గోగు వాసన ఇంట్లో, ఈ సూరమ్మ అనే పేరులో నన్ను ఎవరో పొరపాటున దింపి వెళ్ళారు, వచ్చి తీసుకెళ్ళడం ఆలస్యమవుతోంది, అనిపించేది. ఆదివారం నుంచి ఆదివారానికి మధ్య రోజుల్లో నాకు కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు. పెరట్లోంచి వీధిలోకీ, వీధిలోంచి పెరట్లోకీ తిరిగేదాన్ని. నాన్నమ్మ చూసి చూసి, "ఏటే గుంటా, ఆ తిరుగుడు? కాళ్ళకి సక్రాలున్నాయేటి? ఓ దగ్గిర కూకోయే" అనేది. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. అమ్మ మాత్రం నాకు దిష్టి తగిలిందని ఉప్పు తిప్పి పోసింది.

ఆ ఏడే ఎస్సెల్సీ. పరీక్ష కాగితాలు నింపేటప్పుడు మా హెడ్‌మిస్ట్రెస్ క్లాసుకొచ్చి, "పేర్లు సరిచూసుకోండి. మార్చుకోవాలంటే ఇప్పుడే. రేపు సర్టిఫికెట్ మీద పడ్డాక బతుకంతా అదే పేరు. మార్చినవాళ్ళు నాన్నగారి సంతకం తేవాలి" అని చెప్పింది. రాసే ముందు నేను ఆలోచించానని చెప్పలేను. నా చెయ్యి రాసేసింది. సాయంత్రం నాన్న గోగు కడిగి, చేతులు నానిపోయి ముడతలు పడి ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చోగానే కాగితం ఇచ్చాను.

"ఏటమ్మా ఇది?" అన్నాడు.

"పరీక్ష కాయితం నాన్నా. సంతకం పెట్టాలి."

నాన్నకి చదవడం రాదు. సంతకం మాత్రం వచ్చు. నాలుగక్షరాలు, ఒక్కొక్కటీ బొమ్మ గీసినట్టు గీసేవాడు. పంచెకి చేతులు తుడుచుకుని, కాగితం తడవకుండా మోచెయ్యి పైకెత్తి పట్టుకుని సంతకం పెట్టాడు. "బాగా రాయమ్మా" అని కూడా అన్నాడు. ఇన్నేళ్ళలో నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి గానీ, ఎత్తిపట్టుకున్న ఆ మోచెయ్యి మాత్రం ఇప్పటికీ నన్ను కూర్చోనివ్వదు.

హాల్‌టికెట్లు వచ్చిన రోజు నాదాన్ని పుస్తకంలో దాచాను. కరుణమ్మగారు ఊరికే మంచి మనసుతో, "ఏదీ చూడనీ, నంబరెంతో చెప్పు, ప్రార్థన చేస్తాను" అని తీసుకుంది. మా పెరట్లో అమ్మ, నాన్న, నాన్నమ్మ అందరూ ఉన్నారు. ఆవిడ పైకి చదివింది. పేరు దగ్గర ఆగింది. మళ్ళీ చదివింది. "ఇదెవరిదో వచ్చేసింది. ఉత్పల అని ఉంది" అంది.

"నాదే" అన్నాను.

"ఉత్పలెవులే?" అంది నాన్నమ్మ.

"నేనే నాన్నమ్మా."

కరుణమ్మగారికి అర్థమైపోయింది. పత్రిక ఇచ్చింది తనే కదా. తనే నాన్నకి తడబడుతూ చెప్పింది, ఆ పేరు ఒక కథలోదనీ, కాగితం మీద నాన్న సంతకంతోనే మారిందనీ. నాన్న నన్ను కొట్టలేదు. "నా సేతే సంతకం ఎట్టించీసినావా?" అన్నాడు మెల్లిగా, తన చేతివైపు చూసుకుంటూ. ఆ మర్నాడు అమ్మతో చెప్పాడట, పరీక్షలు రాశాక మరి సదువు సాలని. నాన్నమ్మ చుట్ట ఆర్పేసింది. "నా పేరు నీకు అంత బరువైపోనాదేటే?" అంది. అంతే. తిట్టలేదు. ఆ రోజు నుంచి నన్ను ఏ పేరూ పెట్టి పిలవలేదు. "ఒసే" అనేది, లేకపోతే కంచం నేల మీద చప్పుడయ్యేలా పెట్టేది.

పరీక్షలయ్యాయి. ఎండలు మండిపోతున్నాయి. పత్రిక ఇవ్వడం మానేస్తానని కరుణమ్మగారంది. నేను కాళ్ళావేళ్ళా పడి ఇప్పించుకున్నాను. ఆ వారం ఉత్పల, కొన్ని వారాల కిందట అందరి ముందూ తన చెంప మీద కొట్టినవాడి ఇంటికి తనంతట తను తిరిగి వెళ్ళింది. అతను పెళ్ళి మాట ఎత్తితే తల వంచుకుని సరేనంది. ఇక తిరగలేను, అలిసిపోయాను అంది. కథలో ఎవరికో ఏదో అయిందని బాధపడడం వేరు. నా చేత నాకు ఇష్టం లేని పని ఎవరో చేయించేశారు. నేను ఆమెనే అయితే, రేపు నేనూ అలా తల వంచుతానా? ఆమెని కాకపోతే, మరి హాల్‌టికెట్టు మీద ఉన్నదెవరు? సూరమ్మ పేరు కాగితం మీద లేదు, ఇంట్లో ఎవరి నోటా లేదు. రెండు వైపులా తలుపులు మూసుకుపోయినట్టయింది. నాలుగు రోజులు తిండి సహించలేదు.

కరుణమ్మగారి అక్క విజయనగరంలో టీచరు. ఆ సీరియల్ రాసేది వాళ్ళ బళ్ళోనే పనిచేసే ఆవిడట. అక్కని చూడ్డానికి వెళ్తూ, "పోనీ దీన్ని నాతో తీసుకెళ్ళనివ్వండి. ఆవిణ్ణి ఒకసారి చూస్తే ఈ పిచ్చి వదుల్తుందేమో" అని నాన్నని అడిగింది. అరుగు మీంచి నాన్నమ్మ అంది, "నానూ వస్తాను. నా మనవరాలికి పేరెట్టిన ఆయమ్మని నానూ సూడాల."

అలా ముగ్గురం బస్సెక్కాం. విజయనగరంలో ఆవిడ ఇల్లు ఒక ఇరుకు సందులో, రెండు గదులు. నేను ఊహించుకున్న మనిషి పొడుగ్గా ఉండేది, కళ్ళజోడు పెట్టుకునేది. తలుపు తీసిన ఆవిడ నా భుజం దాకా ఉంది. చేతులకి శనగపిండి అంటుకుని ఉంది. చాప మీద పిల్లల పరీక్ష పేపర్ల కట్టలు, వాటి మధ్య సగం రాసిన కాగితాలు. లోపలి గదిలోంచి మగగొంతు, "ఏవే, వేణ్ణీళ్ళు" అంది. ఆవిడ మమ్మల్ని కూర్చోమనకుండానే లోపలికి పరిగెత్తింది. వచ్చి, మా మాట సగం వినేలోపు, "ఏవే" అని మళ్ళీ. మళ్ళీ వెళ్ళింది.

కరుణమ్మగారు సంగతంతా చెప్పింది. ఆవిడ మొదట నవ్వింది. హాల్‌టికెట్టు చేతికిచ్చాక నవ్వు ఆగిపోయింది. "ఎంత పని చేశావమ్మా! వారం తిరిగేసరికి పేజీలు నింపాలని నేను రాసుకునేదానికి…" అంటూ గోడకి ఆనుకుని కూలబడింది.

"ఉత్పల అలా చెయ్యదండీ" అన్నాను నేను. దారి పొడుగునా అనుకున్నవి చాలా ఉన్నాయి, నోటికొచ్చింది అదొక్కటే.

"నీకెలా తెలుసు?"

"నేనే కనక."

ఆవిడ నన్ను ఎగతాళి చెయ్యలేదు. కాసేపు చూసి, "అయితే ఒకటి చెప్పు. ఉత్పల ఇల్లు విడిచిపోయిన రోజు బస్సులో ఎక్కడ కూర్చుంది? నేనది రాయలేదు" అని అడిగింది.

"డ్రైవరు వెనకాల, కిటికీ పక్కన. వెనక్కి తిరిగి చూడలేదు."

ఆవిడ హాల్‌టికెట్టు వైపు మళ్ళీ చూసింది. "కిటికీ ఊచ సంగతి ఎవరు చెప్పారండీ మీకు?" అని నేనడిగాను. "ఎవరూ చెప్పలేదు. అది నేనే. మా అమ్మగారింట్లో" అంది. అప్పుడు లోపలి నుంచి మళ్ళీ "ఏవే" అని వినిపించింది. ఈసారి ఆవిడ వెంటనే లేవలేదు. ఆ గదివైపు చూస్తూ, "ఉత్పల తిరిగి రాకపోతే ఏమవుతుందో నాకు తెలీదమ్మా. నేను చూసింది ఇదొక్కటే. తెలిసిందే రాశాను. ఆఖరి వారాలవి పంపించేశాను కూడా" అంది.

నాన్నమ్మ అప్పటిదాకా గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. "తెల్దని సెప్పీకూడదేటమ్మా? ఆ పిల్ల ఎల్లిపోనాది, ఎటెల్లినాదో నాకూ తెల్దు అనీసి రాసీకూడదా? గుంటలు సదువుతారు కదా" అంది. ఆ మాటలో కోపం లేదు, నిజంగానే అడిగింది. ఆ టీచరమ్మ శనగపిండి చేతుల్తోనే ముఖం కప్పుకుంది. మేం వచ్చేసేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. "ఏవే" అన్న పిలుపు ఇంకోసారి రావడంతో లోపలికి వెళ్ళిపోయింది.

ఆఖరి వారాలు ఆవిడ పంపినట్టే అచ్చయ్యాయి. చదివాను. చివర ఉత్పల అత్తారింటి గుమ్మంలో ముగ్గు వేస్తూ కనిపించింది. ఆ ముగ్గు వేసే ఆవిడ ఎవరో నాకు తెలుసు, శనగపిండి చేతుల ఆవిడ. ఉత్పల మాత్రం బస్సు దిగలేదని నాకు తెలుసు. నాన్నమ్మ నాన్నతో ఏం మాట్లాడిందో నేను వినలేదు. "గుంటని కాలేజీలో ఎయ్" అనేసిందని అమ్మ చెప్పింది. పి.యు.సి.లో చేరాను, టీచరునయ్యాను. రెండుసార్లు ఉద్యోగం వదిలి ఇంకో ఊరు వెళ్ళిపోయాను, నా పిల్లలు నాలుగు బళ్ళు మారారు. ప్రతిసారీ నిర్ణయం నాదో ఉత్పలదో చెప్పలేను. మంచే జరిగిందనీ అనలేను. మావారు పోయేముందు ఏడాది, "నువ్వు నాతో ఉన్నన్నాళ్ళూ తలుపు వైపే చూస్తూ కూర్చున్నావు" అన్నారు. కాదనలేకపోయాను.

ఇప్పుడు మా మనవరాలికి ఫోన్లో అయిదు పేర్లున్నాయి. ఆటలో ఒకటి, బొమ్మల కథల గుంపులో ఇంకొకటి. నీలం జుట్టు పిల్ల బొమ్మ చూపించి, "ఇది నేనే నాన్నమ్మా" అంటుంది. దాని అమ్మ కంగారు పడుతుంది. నేను నవ్వను, కంగారూ పడను. ఆ బొమ్మ ఏం తింటుందో, దేనికి భయపడుతుందో అడుగుతాను. అది గంటసేపు చెబుతుంది. వచ్చే నెలకి ఇంకో బొమ్మ. వాళ్ళకి నచ్చకపోతే ఒక్క వేలితో తీసేయొచ్చు. మాకు ఒకసారి సర్టిఫికెట్ మీద పడితే పడినట్టే, ఆ పేరుని బతికి చూపించాల్సిందే. ఏది నయమో నాకు తెలీదు. నాకు దొరికింది ఒక్క పేరు, అది వేసుకుని ఇంతదూరం వచ్చాను. మా మనవరాలికి వదిలేయడం వచ్చు. ఎక్కడ ఉండిపోవాలో తెలుసుకోవడం దానికి వస్తుందా, నాకు వచ్చిందా అని ఒక్కోసారి అడుగుదామనిపిస్తుంది.

విజయనగరం నుంచి తిరిగి వస్తున్నప్పటి సంగతి ఇంకొకటి ఉంది. పూసపాటిరేగ దాటాక కరుణమ్మగారు నిద్రపోయింది. నాన్నమ్మ కిటికీ పక్కన కూర్చుని, ఎన్నో రోజుల తర్వాత నాతో మాట్లాడింది.

"నా పేరు సూరమ్మ కాదే."

నేను ఆవిడ వైపు తిరిగాను.

"మా అమ్మకి ముందు పుట్టినోలు దక్కనేదు. అందుకని నానైనా దక్కాలని నన్ను తవుడుకి అమ్మీసి మల్లీ కొనుక్కున్నారు. తవిటమ్మ అని ఎట్టినారు. తొమ్మిదేళ్ళకి ఈ ఇంటికొచ్చినాను. మా అత్త పేరూ తవిటమ్మే. అత్త పేరు కోడలికుంటే ఎలాగ పిలుస్తారు? అరసవిల్లి దేముడి పేరని సూరమ్మనీసినారు. సూరమ్మా అంటే ఎవుల్నో అనుకొని పలికీదాన్ని కాను. పలకలేదని దెబ్బలు. పలికీ పలికీ సూరమ్మనైపోనాను." నా వైపు తిరిగి, "నువ్వు నీ సేత్తో రాసుకున్నావు. నన్నెవులడిగినారు?" అంది.

"ఆ పేరుతో నిన్ను ఒకసారి పిలవనా?" అన్నాను.

"ముసిల్దాన్ని పేరెట్టి పిలుస్తావేటే? ఒల్లకుండు" అని నా నోరు మూయించి, ముఖం కిటికీ వైపు తిప్పేసుకుంది.

ఎండ వాలింది. ఎటు చూసినా కోసేసిన వరిమళ్ళు. శ్రీకాకుళం దగ్గరకొస్తోందనగా ఉండబట్టలేక, "తవిటమ్మా" అన్నాను. బస్సు మోతలో ఆవిడకి వినపడలేదేమో, కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా, "తవిటమ్మా!" అన్నాను. నాన్నమ్మ ఉలిక్కిపడి, ఎవర్ని పిలుస్తున్నారో అని బస్సంతా అటూ ఇటూ చూసింది. మాకు మూడు సీట్ల ముందు, ఒళ్ళో చేపల బుట్ట పెట్టుకున్న ఒకామె వెనక్కి తిరిగింది.

"ఏటమ్మా, నన్నా పిలిసినావు?"

నేను సమాధానం చెప్పేలోపు నాన్నమ్మ సీటు మీంచి సగం లేచి, ముందు సీటు కమ్మీ పట్టుకుని, బస్సులో అందరికీ వినపడేలా అంది.

"నిన్ను కాదమ్మా. నన్ను."